అడవి తగ్గిందా, హద్దు జరిగిందా?

డేటా అనలిస్ట్ ఉద్యోగాలకు వెళ్లే ఫ్రెషర్ల రెజ్యూమెల్లో ఒక ప్రాజెక్టు తరచూ కనిపిస్తుంది: ఏవో ఇరవై ఏళ్ల అంకెలు, వాటిమీద ఒక ట్రెండ్ లైన్, వచ్చే ఐదేళ్లకు అంచనా. మధ్యలో ఆ ట్రెండ్ ఎక్కడైనా విరిగిందా అని చూసేవాళ్లు తక్కువ.

మన ఖమ్మం జిల్లానే తీసుకోండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదికల్లో ‘ఖమ్మం’ అన్న వరుస పట్టుకుని అటవీ విస్తీర్ణం గ్రాఫ్ గీస్తే, కొత్త హద్దులు లెక్కలోకి వచ్చిన చోట గీత దబ్బున పడిపోతుంది. ‘పోడు వల్లే అడవి పోయింది’ అని స్లైడ్ మీద రాసేయడం చాలా ఈజీ. కానీ 2014లో పోలవరం ముంపు కింద చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. 2011 జనాభా లెక్కల్లో 16,029 చదరపు కిలోమీటర్లున్న ఖమ్మం ఇప్పుడు సుమారు 4,360. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి, గీత జరిగింది. పోడు ప్రభావం అసలు లేదని కాదు. ఈ పతనాన్ని చూపించి కోయ రైతును నిందించడం మాత్రం తప్పు లెక్క.

ఇలాంటి విరుపును పట్టడానికి గ్రెగరీ చౌ 1960లో ఒక పరీక్ష ఇచ్చాడు. మొత్తం డేటాకు ఒకే గీత గీస్తే మిగిలే తేడా ఎంత? ముందు, తర్వాత అని విడగొట్టి రెండు గీతలు గీస్తే ఎంత? రెండోసారి బాగా తగ్గితే విరుపు ఉన్నట్టే. ఎంత తగ్గితే ‘బాగా’ అనేది ఎఫ్ పట్టిక చెప్తుంది.

షరతు ఏంటంటే, విరిగిన తేదీ డేటా చూడకముందే తెలియాలి. మనకు తెలుసు, గెజిట్‌లో ఉంది. అలా కాకుండా గ్రాఫ్ చూసి, పడినచోటే వేలుపెట్టి అదే పట్టిక వాడితే మోసమే. అన్ని సంవత్సరాలూ వెతికి పెద్ద విలువనే ఏరుకుంటే, విరుపు లేకపోయినా పెద్ద అంకె దొరకొచ్చు. అందుకే తేదీ తెలియనప్పుడు ఆండ్రూస్ 1993లో ఇచ్చిన, ఇంకా కఠినమైన హద్దులు వాడాలి. విరుపులు చాలా ఉంటే బాయ్-పెరాన్ పద్ధతి ఉంది. ఆర్‌లో స్ట్రక్‌చేంజ్, పైథాన్‌లో రప్చర్స్ ఉచితంగానే దొరుకుతాయి. నన్నడిగితే ఇంకో కొత్త మోడల్ కన్నా ముందు ఇది నేర్చుకోండి.

అయితే పరీక్ష ‘ఎక్కడ’ అన్నదే చెప్తుంది, ‘ఎందుకు’ అన్నది మీరే వెతకాలి. 2001 నివేదికలో మ్యాపింగ్ స్కేలు 1:50,000కు మారింది, అక్కడా ఒక మెట్టు రావచ్చు. పైగా రెండేళ్లకో అంకె అంటే పాయింట్లు చాలా తక్కువ, ఫలితాన్ని గట్టిగా నమ్మలేం. ఇంటర్వ్యూలో ‘ఈ పడిపోవడం ఏంటి?’ అని అడిగితే, పాత ఖమ్మం హద్దులకు మండలాలను తిరిగి కలిపి గీసిన గ్రాఫ్ చూపించండి. అప్పటికీ విరుపు మిగిలితే, అప్పుడు అడవి సంగతి మాట్లాడొచ్చు.