రికార్డులు ఊరికే అరిగిపోవు

చెప్పిందే చెప్పి ప్రాణం తీసేవాణ్ణి "అరిగిపోయిన రికార్డు" అంటాం. తప్పంతా రికార్డుదే అయినట్టు! పాపం, రికార్డు తనంతట తాను అరగదు. అరగదీసేది మన ముల్లు. అంటే మనమే.

ఇప్పుడీ గోల ఎందుకంటే, ఈ మధ్య ట్రాయ్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో టర్న్‌టేబుళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. అమెరికా మొత్తమ్మీద 2022లో వినైల్ రికార్డులు సీడీలకంటే ఎక్కువ అమ్ముడయ్యాయి (4.1 కోట్లు, 3.3 కోట్లు). 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మనకి దగ్గర్లోని డిట్రాయిట్‌లో ఆర్చర్ వాళ్ళు 1965 నుంచీ రికార్డులు అచ్చొత్తుతూనే ఉన్నారు. 2017లో జాక్ వైట్ కూడా అక్కడే థర్డ్ మాన్ ప్రెస్సింగ్ తెరిచాడు. ఆ గాలి మనవాళ్ళకీ సోకింది. ఇండియా వెళ్ళినప్పుడు తాతగారి రికార్డుల్ని అటక మీంచి దింపి, చీరల మధ్య చుట్టి మరీ తెచ్చుకుంటున్నారు. చాలా సంతోషం. చిక్కల్లా ఆ తర్వాత పట్టుకునే "అప్‌గ్రేడ్" జబ్బుతోనే.

మనవాళ్ళు సాధారణంగా ముందు స్పీకర్లు మారుస్తారు. తర్వాత యాంప్లిఫయరు, ఆ తర్వాత వేలెడు మందం కేబుళ్ళు. అప్పటికీ తృప్తి లేకపోతే, అప్పుడు గుర్తొస్తుంది ముల్లు. నేను చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. డబ్బయినా ఓపికయినా ముందు రికార్డుకి తగిలేవాటి మీద పెట్టండి, తగలనివాటి మీద తర్వాత. స్పీకరు తప్పు కొంటే పోయేది మన డబ్బే. ముల్లు తప్పయితే పోయేది రికార్డు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఉన్న 78ని ఏ షాపులో కొంటారు?

మొట్టమొదటి అప్‌గ్రేడు శుభ్రం చెయ్యడం. దీనికయ్యే ఖర్చు డిస్టిల్డ్ వాటర్ డబ్బా, మెత్తటి గుడ్డ, కొత్త కవర్లు. యాభై ఏళ్ళ దుమ్ము మీద ముల్లు నడిస్తే అది పాట కాదు, గరుకు కాగితం పని. అయితే ఒక్క జాగ్రత్త. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతాయి. ఎల్పీల కోసం అమ్మే ద్రావకాల్లో కొన్నిట్లో ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద చదవకుండా 78 మీద పొయ్యకండి.

రెండోది ముల్లు. ఎల్పీ గాడికి వాడే మామూలు ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78కి వాడేది సుమారు 75. ఎల్పీ ముల్లుతో 78 వింటే అది గాడి అడుగున పొర్లుతుంది, పాటకంటే హోరు ఎక్కువ వినిపిస్తుంది. 78 ముల్లుతో ఎల్పీ వింటే ఆ ఎల్పీకి నీళ్ళొదులుకోవడమే. ఆడియో టెక్నికా వీఎమ్95 లాంటి వరసల్లో ఒకే కార్ట్రిజ్‌కి రెండు రకాల ముళ్ళూ దొరుకుతాయి, వేలితో లాగి మార్చుకోవచ్చు. మన ఇళ్ళల్లో రెండు రకాల రికార్డులూ ఉంటాయి కాబట్టి, అప్‌గ్రేడ్ అని దేన్నైనా అనాలంటే నేను దీన్నంటాను.

వజ్రపు ముల్లయినా 500 నుంచి 1000 గంటల్లో అరుగుతుంది. తాతల కాలంలో కీ ఇచ్చే గ్రామఫోనుకి ఉక్కు ముల్లు ఉండేది. ఒక్కో వైపుకి ఒక్కో కొత్త ముల్లు వెయ్యాలి. పొదుపు కోసం ఒకే ముల్లుతో పది పాటలు లాగించిన ఇళ్ళ రికార్డులు చూడగానే తెలిసిపోతాయి. నల్లగా మెరవాల్సిన గాళ్ళు బూడిదరంగుకి తిరిగి ఉంటాయి.

మూడోది బరువూ, అమరికా. దీనికి ఖర్చు తక్కువ, చాదస్తం ఎక్కువ. ఆ మధ్య ఒక ఫ్రెండు ఫోన్ చేసి, "ఏంటి గురూ, నాలుగొందల డాలర్ల కార్ట్రిజ్ పెట్టినా సుశీలగారు 'శ' అంటే చాలు బుస్సుమంటోంది!" అని వాపోయాడు. వెళ్ళి కాటా పెట్టి తూచాను. 1.8 గ్రాములుండాల్సిన చోట గ్రాము కూడా లేదు. "బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందనుకున్నాను" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి బరువు మరీ తక్కువైతే ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడి వాటిని చెక్కేస్తుంది. కంపెనీ చెప్పిన బరువు పెడితే చాలు, మన దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు. పాతిక డాలర్లలోపు కాటాతో ఆ బుస్సు ఆగిపోయింది.

అమరికంటే కార్ట్రిజ్ కోణం. ఎల్పీ అంచు దగ్గర గాడి ముల్లు కిందనుంచి సెకనుకి 50 సెంటీమీటర్ల వేగంతో పోతుంది. లోపలి చివరికొచ్చేసరికి అది 20కి పడిపోతుంది. అదే పాట సగంకంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. కోణం కాస్త తప్పినా దెబ్బ తగిలేది అక్కడే. కచేరీ ఎల్పీలో వర్ణం శుభ్రంగా ఉండి చివరి తిల్లానా చిందరవందరగా ఉంటే, ఆ విద్వాంసుణ్ణి అనకండి. అచ్చు వేసుకోగలిగిన ప్రొట్రాక్టరు కాగితం తెచ్చుకుని ఒక గంట కూర్చోండి.

ఇండియానుంచి ప్లేయరు కూడా తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట. వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేస్తే సరిపోదు. పాతవాటిల్లో చాలా మోటార్లు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతాయి. అక్కడ 50 హెర్ట్జ్, ఇక్కడ 60. పుల్లీ మార్చకపోతే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 40 తిరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినది రెండున్నరలో వినిపిస్తుంది. ఇంట్లో తంబురా యాప్ ఉంటే పక్కన పెట్టి చూసుకోండి, అబద్ధం చెప్పదు.

ఇక చోటు. మిషిగన్ ఇళ్ళల్లో మెయిన్ ఫ్లోర్ అంతా చెక్క, పిల్లలు పరిగెడితే ముల్లు గెంతుతుంది. కింద బేస్‌మెంటులో కాంక్రీటు ఉండగా అంతకంటే గట్టి బల్ల ఎందుకు? కాకపోతే వేసవిలో అక్కడ చెమ్మ, డీహ్యుమిడిఫయర్ నడపాలి. చలికాలం ఫర్నేసు గాలికి ఇల్లంతా ఎండిపోయి, రికార్డు కవర్లోంచి తీస్తుంటే చిటపటలు. ఆ స్టాటిక్కే దుమ్ముని లాగుతుంది.

ఇవన్నీ అయ్యాక ప్రీయాంప్, స్పీకర్లు, మీ ఇష్టం.

"ఇంత తతంగం ఎందుకండీ, అన్నీ యూట్యూబులో ఉన్నాయిగా?" అంటారు. సినిమా పాటల వరకూ నేనూ ఒప్పుకుంటాను. మాస్టరు టేపునుంచి శుభ్రంగా చేసిన సీడీ ఉంటే అదే వింటాను. వినైల్‌లో ఏదో ఆత్మ ఉంటుందన్న మాట నాకెక్కదు. కానీ నాటక పద్యాలు, లలిత గీతాలు, సినిమాలకెక్కని పాటలు? వాటిల్లో ఎన్నిటికో నెట్‌లో దొరికేది ఎవరో అరిగిన ముల్లుతో, అరిగిన రికార్డునుంచి ఎక్కించిన కాపీ. దానికంటే మీ అటక మీద ఉన్నదే మంచి ప్రతి కావచ్చు. అలాంటిదాన్ని అట్టపెట్టెలాంటి సూట్‌కేసు ప్లేయరు మీద "ఓసారి విందాం" అని పెట్టడం, తాళపత్రాన్ని ఇస్త్రీ చెయ్యడం లాంటిది. అన్నీ సరిచేశాక ఒక్కసారి పెట్టండి, ఆ ఒక్కసారే కంప్యూటర్లోకి కూడా ఎక్కించుకోండి. ఆ తర్వాత రోజూ వినేది ఆ ఫైలే అయినా రికార్డేమీ నొచ్చుకోదు.

కాబట్టి ఈసారి ఆన్‌లైన్లో బండెడు సామాను ఆర్డరిచ్చే ముందు, భూతద్దం పెట్టి ఒక్కసారి ముల్లు కొన చూడండి. ట్రాయ్ చుట్టుపక్కలవాళ్ళయితే నా కాటా పట్టుకెళ్ళండి. తిరిగిచ్చేటప్పుడు తాతగారి రికార్డు ఒకటి తెస్తే, కాఫీ తాగుతూ కలిసి విందాం.