విజ్ఞాన వీచిక: ఆల్చిప్ప అమ్ములపొది

మొన్న దసరా సెలవుల్లో మా మనవరాలిని కార్వార్ చేపల బజారుకు తీసుకెళ్ళాను. బుట్టలోని పచ్చ అంచుల ఆల్చిప్పల్ని చూసి, "తాతయ్యా! ఇవి రోజంతా సముద్రపు నీళ్ళు వడగట్టుకునే బతుకుతాయి కదా, ఆ నీళ్ళలోని క్రిములతో వీటికి జబ్బు చేయదా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. "వెన్నెముక లేని జీవులకు మనకున్నంత రక్షణ లేదు" అని ఏటేటా ఒక్క వాక్యంతో ముగించేవాణ్ణి. ఆ పూట ఆ వాక్యం నోట రాలేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, నేను చెప్పింది సగం నిజమేనని తేలింది.

ఆల్చిప్పకు మనలాగా యాంటీబాడీలు తయారుచేసుకునే శక్తి లేదు. కాని దాని రక్తకణాల్లో పెప్టైడ్లనే చిట్టి మాంసకృత్తులుంటాయి. మన తీరపు ఆల్చిప్పకు దూరపు బంధువైన ఐరోపా నీలి ఆల్చిప్ప రక్తంలో డిఫెన్సిన్లు, మైటిలిన్లు అనే కుటుంబాలను 1996లో కనుగొన్నారు. మధ్యధరా ఆల్చిప్పలో మైటిసిన్లు 1999లో బయటపడ్డాయి. మైటిసిన్‌లో ఉండేవి 40 అమైనో ఆమ్లాలే. వాటిలో 8 సిస్టీన్లు జతలు జతలుగా ముడిపడి, నాలుగు గంధకపు బంధాలతో దాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఇలాంటి పెప్టైడ్లు బాక్టీరియా పైపొరకు అంటుకుని దాన్ని దెబ్బతీస్తాయి. కణం క్రిమిని మింగితే లోపలే పనిచేస్తాయి, అవసరమైతే బయటికీ స్రవిస్తాయి.

అసలు విశేషం వీటి పరిణామంలో ఉంది. ఒక జన్యువు నకళ్ళు పెరిగి, ఒక్కో నకలు ఒక్కో విధంగా మారుతూ పోతే కుటుంబం ఏర్పడుతుంది. మైటిసిన్-సి సంగతే చూడండి. దాన్ని కణం బయటికి పంపే చిరునామా లాంటి ముందు భాగం పెద్దగా మారదు, ముడులు వేసే సిస్టీన్లూ మారవు. క్రిమితో పోరాడే భాగం మాత్రం ఆల్చిప్ప ఆల్చిప్పకూ మారుతుంది. 2020లో వెలువడిన మధ్యధరా ఆల్చిప్ప జన్యుపటం ఇంకో అడుగు ముందుకు వేసింది. దాదాపు 20,000 జన్యువులు కొన్ని ఆల్చిప్పల్లో ఉండి, కొన్నింటిలో అసలు లేవట! వాటిలో రక్షణకు సంబంధించినవి ఎక్కువ.

అంటే ఒకే బండనంటుకున్న గుంపులో ఎవరి అమ్ములపొది వారిది. ఒక క్రిమి ఒకదాన్ని గెలిచినా, పక్కదాన్ని గెలవలేకపోవచ్చు. గుంపును కాచేది ఆ తేడాయే.

అయితే గృహిణులకు ఒక మాట. ఆల్చిప్పకు జబ్బు చేయనంత మాత్రాన దాని కడుపులో క్రిములు లేవనుకోకండి. బాగా ఉడికించే వడ్డించండి.

మనవరాలికి ఇదంతా చెప్పాను. "మరి నీ దగ్గర చదువుకున్నవాళ్ళకి ఎవరు చెబుతారు తాతయ్యా?" అంది. అందుకే ఈ పేజీ. నా పాత విద్యార్థులెవరైనా చదివితే, ఆనాటి నోటుపుస్తకంలో ఆ ఒక్క వాక్యం దిద్దుకోండి.