థర్మోస్టాట్ పీకేయకండి

"బెజవాడ ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు గురువుగారూ, పీకేస్తే బండి చల్లగా ఉంటుంది." ఆటోనగర్‌లో తరచూ వినే మాటే. చెప్పేది పనితనం ఉన్న మేస్త్రీలు కాబట్టి అందరం నమ్ముతాం. కానీ అది తప్పు.

రోహిణి కార్తెలో బయట 45 డిగ్రీలు ఉందనుకోండి. థర్మోస్టాట్ మీద చాలా బళ్లకు 82 అనో, ఆ దరిదాపుల్లోనో కొట్టి ఉంటుంది. నీళ్లు అంత వేడెక్కేదాకా అది రేడియేటర్ దారి మూసి ఉంచుతుంది, ఎక్కాక తెరుస్తుంది. మనల్ని మాడ్చే ఎండ కూడా ఇంజనుకు ఇంకా 37 డిగ్రీలు తక్కువే. బండి హీటెక్కే వేళకు మంచి వాల్వు బార్లా తెరుచుకునే ఉంటుంది, అడ్డం రాదు. మూసుకుపోయి బిగుసుకుందా, కొత్తది వెయ్యాలి.

ఇంకో సంగతి. చాలా ఇంజన్లలో ఆ వాల్వు అడుగు బిళ్లే బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే ఆ దారి తెరిచే ఉండిపోయి, కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే ఇంజనులోకి తిరిగొస్తుంది. చల్లబడాలని పీకించిన బండి మే నెలలో బెంజిసర్కిల్ దగ్గర ఇంకా హీటెక్కేది అందుకే.

చలికాలంలో నష్టం వేరు. ఇంజను వేడెక్కక డీజిల్ సరిగా కాలదు, ఆయిల్లో కలుస్తుంది, సిలిండర్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. ఆ సంగతి ముందుగా బయటపెట్టేది హీటరే. ఓ జనవరిలో తెల్లవారుజామున మా పాత పికప్‌లో లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే హీటర్ ఫుల్లు పెట్టినా గోరువెచ్చటి గాలే. అద్దం లోపలివైపు ఆవిరి పట్టి, తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాం. ఇంటికొచ్చాక హీటర్ కోర్ మార్చాలన్నారు. కోర్‌కు పోయే రెండు గొట్టాలూ పట్టుకుని చూశాను. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడినట్టో, నీటి వాల్వు మూసుకున్నట్టో. రెండూ కాలుతుంటే లోపం గాలి మళ్లించే రేకుది. నాకు రెండూ గోరువెచ్చగా తగిలాయి. నీళ్లు నిండుగానే ఉన్నాయి. హౌసింగ్ విప్పిస్తే లోపల థర్మోస్టాట్ లేదు.

కూలెంట్ మంచుదేశాలకే అన్నదీ ఇలాంటి మాటే. అది తుప్పును ఆపుతుంది, నీరు మరిగే వేడిని పెంచుతుంది. దివిసీమ ఉప్పు బోరునీళ్లు పోస్తే రేడియేటర్, కోర్ రెండూ పూడతాయి.

పాత పికప్ ఉన్నవాళ్లు ఇంజను పూర్తిగా చల్లారాక ఓసారి హౌసింగ్ విప్పించి చూడండి. ఖాళీగా ఉంటే మీ ఇంజనుకు చెప్పిన డిగ్రీలదే, కొత్త ప్యాకింగుతో, దగ్గరుండి వేయించండి.