రొట్టె పడని తమ్ముడికి జొన్నరొట్టె చేసి పెడదాం

శుక్రవారం సాయంత్రం రూవీలో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే మాట్లాడుకునేది జీతం గురించి, వీసా గురించి, ఊళ్లో వానల గురించి. కడుపు గురించి ఎవరం మాట్లాడం. ఎవడైనా "పొట్ట బాగుండట్లేదన్నా" అంటే "నీళ్లు పడలేదురా, ఎండదెబ్బరా" అని తేల్చేస్తాం. మా రూములో ఉండే ఒక తమ్ముడి విషయంలో మేమూ అలాగే తేల్చేశాం. ఏడాది తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. పనిలో నాలుగుసార్లు బాత్రూముకు పరుగు, ఫోర్‌మన్ దగ్గర చీవాట్లు. అయినా డాక్టరు దగ్గరికి పోనన్నాడు. అన్‌ఫిట్ అని రాసి టికెట్ చేతిలో పెడతారేమోనని భయం. ఇంటి దగ్గర అప్పు ఇంకా తీరలేదు మరి.

చివరికి మేమే బలవంతంగా తీసుకెళ్లాం. రక్తపరీక్ష, ఆ తర్వాత గొట్టం వేసి పేగు పరీక్ష చేశారు. సీలియాక్ అన్నారు. గోధుమ పడదు, బార్లీ పడదు, జీవితాంతం మానాలి. మందు అంటూ వేరే లేదు, తిండే మందు. ఆ మాట విని మేం తెల్లబోయాం. క్యాంపులో పొద్దున ఖుబ్జ్, రాత్రి ఖుబ్జ్, మధ్యలో పరోటా. చవక, వండే పని లేదు, కూరలో ముంచుకుంటే కడుపు నిండుతుంది. ఆ చవక తిండే ఒక మనిషిని లోపల్నుంచి తినేస్తోందని ఎవరికి తెలుసు?

అసలు గ్లూటెన్ అంటే ఏంటి? మన చేతులకు తెలిసిన సంగతే అది. గోధుమపిండి కలిపితే సాగుతుంది. జొన్నపిండి కలిపితే విరుగుతుంది, అందుకే వేన్నీళ్లు పోసి, కర్రతో ఒత్తకుండా చేత్తో తట్టి రొట్టె చేస్తారు మన ఆడవాళ్లు. ఆ సాగే గుణం ఇచ్చే మాంసకృత్తే గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాళ్ల చిన్నపేగు మీద దాడి చేస్తుంది. పేగు దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, ఉబ్బరం, రక్తహీనత, నీరసం. కొందరికి విరేచనాలు లేకుండా నీరసం ఒక్కటే ఉంటుంది.

దీని గుట్టు బయటపడిన తీరు కూడా రొట్టె కథే. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలెండులో రొట్టె దొరక్క జనం అల్లాడారు. అప్పుడు ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారట. రొట్టె మళ్లీ దొరకగానే జబ్బు తిరగబెట్టింది. పిల్లల డాక్టరు విల్లెం డికే గోధుమ మీద అంతకుముందు నుంచే ఉన్న అనుమానాన్ని ఆ తర్వాత పరీక్షలతో రుజువు చేశాడు. మన దేశంలో గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువనీ, దక్షిణాదిలో బాగా తక్కువనీ 2016లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. తక్కువంటే లేదని కాదు. పైగా ఊళ్లో అన్నం తిన్నన్నాళ్లూ తెలియని సంగతి ఇక్కడ రోజూ ఖుబ్జ్ తిన్నాక తెలియవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇది చదివి అనుమానం వస్తే వెంటనే రొట్టె మానేయకండి. గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే రక్తపరీక్షలో సరిగ్గా తేలుతుంది. ముందే మానేస్తే జబ్బున్నా లేనట్టు చూపించవచ్చు. ముందు డాక్టరు, తర్వాతే మానడం.

ఇక వంట. మస్కట్‌లో పెద్ద సూపర్ మార్కెట్లలో గ్లూటెన్ ఫ్రీ అని రాసిన బ్రెడ్లు, బిస్కట్లు దొరుకుతాయి. ధర చూసి తమ్ముడు దాన్ని ఉన్నచోటే పెట్టేశాడు. మేం అనేదేంటంటే, ఆ పాకెట్లు మనకెందుకు? కరీంనగర్ వాడికి జొన్నరొట్టె ఉంది, సర్వపిండి ఉంది. కడప వాడికి రాగిసంగటి ఉంది. గోదావరి వాళ్లకు పెసరట్టు, దిబ్బరొట్టె ఉన్నాయి. ఇవన్నీ పుట్టుకతోనే గ్లూటెన్ లేని వంటలు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది గానీ మన అమ్మమ్మలకు ప్రతి సంవత్సరమూ అదే.

అలాగని కళ్లు మూసుకుని తినకూడదు. ఉప్మారవ్వ గోధుమే, సేమియా గోధుమే. డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. సోయాసాస్‌లో గోధుమ, హార్లిక్స్‌లో గోధుమా బార్లీ రెండూ ఉంటాయి. ఒమానీలు పండక్కి ప్రేమగా పెట్టే హరీస్ గోధుమా మాంసమూ కలిపిందే. ఇక్కడ గోధుమను 'బుర్' అనీ 'గమ్హ్' అనీ అంటారు, బార్లీని 'షయీర్' అంటారు. ఈ మూడు మాటలు నేర్చుకుంటే హోటల్లో అడగొచ్చు. మలయాళీ హోటల్లో ఇడియాప్పం మంచిదే, దోసె మాత్రం పరోటా కాల్చిన పెనం మీద పోస్తే లాభం లేదు. ఊరి నుంచి జొన్నపిండి తెప్పించుకునేవాళ్లు మర సంగతి చూసుకోవాలి. గోధుమలు ఆడిన మరలోనే మన జొన్నలూ ఆడితే ఆ పిండి కలుస్తుంది. గింజలు తెప్పించుకుని, శుభ్రం చేసి, ఇక్కడ మిక్సీలో పట్టుకోవడం మేలు.

రూములో మొదట గొడవైంది. ఒక్కడి కోసం వేరే పెనం, వేరే డబ్బానా అన్నారు కొందరు. తప్పుపట్టం, పన్నెండు గంటలు పనిచేసి వచ్చి ఒకే పొయ్యి ముందు వంతు కోసం నిలబడేవాళ్లు వాళ్లు. కానీ షుగరున్న అన్నకు పంచదార లేని చాయ్ విడిగా పోస్తున్నప్పుడు దీనికి మాత్రం అభ్యంతరం ఏంటి? పత్యాన్ని పొగరు అనుకోవడం మన అలవాటు. క్యాంపు మెస్సు వాళ్లను కూడా డాక్టరు కాగితం చూపించి ఖుబ్జ్ బదులు అన్నం అడగాలి. ఒక్కడు అడిగితే నసుగుతారు, రూమంతా వెళ్లి అడిగితే వింటారు. మా దగ్గర విన్నారు.

తమ్ముడికి అసలు బాధ అన్నం దగ్గర కాదు, తీపి దగ్గర వచ్చింది. ఎవరి పుట్టినరోజుకైనా కేకే. రంజాన్‌కు సేమియా. ఒమానీ హల్వా గంజిపిండితో చేస్తారు, అది గోధుమదా మొక్కజొన్నదా అని అడిగి తెలుసుకుంటే గానీ ముట్టుకోలేడు. అందరూ తింటుంటే ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. అది చూడలేక మేం కనిపెట్టిన తీపి ఇది. దానిమ్మలకు పేరున్న జబల్ అఖ్దర్ కొండమీద బేరిపండ్లూ పండుతాయి, కానీ మన చేతికి వచ్చేవి ఎక్కువగా దక్షిణాఫ్రికావో చైనావో. ఏవైనా పర్వాలేదు.

కొంచెం గట్టిగా ఉన్న బేరిపండ్లు నాలుగు చెక్కు తీసి ముక్కలు చేయాలి. గింజ తీసిన ఖర్జూరాలు పదిహేను, రెండు గ్లాసుల నీళ్లతో కలిపి మెత్తగా ఉడికించి మెదపాలి. చక్కెర అక్కర్లేదు. ఒక కప్పు రాగిపిండిని రెండు చెంచాల నెయ్యిలో సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, చల్లారాక చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి అందులో పోయాలి. ఇక సంగటి కెలికినట్టే, అంచులు వదిలేదాకా కెలకడమే. చివర ఇంకో చెంచా నెయ్యి, యాలకులపొడి. ఆరుగురికి వస్తుంది. పేగు ఇంకా కోలుకోనివాళ్లు, షుగరున్నవాళ్లు కొంచెమే తినాలి. బేరిపండులోని సార్బిటాల్ కొందరికి కడుపు ఉబ్బరం తెస్తుంది.

మొన్న తమ్ముడి పుట్టినరోజుకు కేకు బదులు ఇదే పళ్లెంలో పరిచి, మీద కొవ్వొత్తి గుచ్చాం. నిలబడలేదు, పక్కకు ఒరిగింది. వేరే పెనమెందుకన్న అన్నే గిన్నె అడుగు గీకి తిన్నాడు.