సంపాదకుని మాట: కరవది నాదస్వరం

పొదిలి నుంచి ఒంగోలు వెళ్లి, ఇంకాస్త ముందుకు పోతే కరవది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టిన ఊరు. తరతరాలుగా నాదస్వరమే బతుకుతెరువైన ముస్లిం కుటుంబం వాళ్లది. గుడి ఉత్సవాలూ పెళ్లి మేళాలే ఆ ఇళ్లకు అన్నం పెట్టాయి. ఆయన శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని కోవెలలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయన్ను సంగీత కళానిధిని చేసింది. ఇందుకోసం ఆయన మతం మారనక్కర్లేకపోయింది.

సంగీతం ఇస్లాంకు సరిపడదు కదా అంటారు కొందరు. ఆ తగాదా ఆ మతం లోపలే శతాబ్దాలుగా నడుస్తోంది. 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా’ గ్రంథంలో గానశ్రవణానికి ఒక భాగమే కేటాయించారు. అందరికీ ఒకే నిషేధం అనలేదు. వినేవాడి మనసునూ సందర్భాన్నీ చూడమన్నారు. తాగుబోతుల గోష్ఠుల్లో మోగే వాద్యాలను మాత్రం ఒప్పుకోలేదు. మరి గుడి ముందు నాదస్వరం వింటే ఏమనేవారో!

ఇస్లాంలో మధ్యేమార్గం గురించి ఈ సంచికకు వచ్చిన వ్యాసాలన్నీ గ్రంథచర్చలే. అవసరమైనవే, కాస్త బరువైనవి కూడా. మేళగాళ్ల మీద ఒక్కటీ రాలేదు. చీరాల, చిలకలూరిపేట వైపు ఆ కుటుంబాలను ఎరిగినవారు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.