పేరు క్లబ్‌ది.. జీతం ఏ పద్దులోది?

ఆఫర్ లెటర్ మీద పెద్ద కంపెనీ పేరు కనిపిస్తే చాలు, అడగాల్సినవి సగం మర్చిపోతాం. మీరూ అంతేనా? అయితే ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచే స్పోర్ట్స్ క్లబ్ గురించి వినండి.

1907లో ఫుట్‌బాల్‌తో మొదలైంది. తర్వాత వాలీబాల్, రోయింగ్, ఈత, బాక్సింగ్ వచ్చి చేరాయి. ప్రొఫెషనల్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టూ ఉంది. 2023, 2024లో వరుసగా యూరోలీగ్ మహిళల కప్పు కొట్టింది. అమెరికా స్టార్ బ్రియానా స్టీవర్ట్ కూడా అక్కడ ఆడింది. అయినా క్లబ్ పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఫుట్‌బాలే!

గొడుగు పెద్దదైతే లాభం లేకపోలేదు. కొత్త జట్టుకైనా పేరు, అభిమానులు రెడీగా దొరుకుతారు. కానీ ఖర్చు తగ్గించాల్సి వస్తే, కప్పులు తెచ్చే విభాగాన్ని ఉంచుతారా, డబ్బులు తెచ్చే దాన్నా? ఆ మాట క్రీడాకారిణి చేతిలో ఉండదు.

మన దగ్గర లెక్క వేరు. రైల్వేస్‌కో, కేరళ విద్యుత్ బోర్డుకో ఆడే అమ్మాయిలకు ఆట అయిపోయినా ఆఫీసులో కుర్చీ ఉంటుంది. స్పోర్ట్స్ కోటాను చిన్నచూపు చూసేవాళ్లు ఇది గమనించాలి.

ఇంటర్వ్యూ చివర్లో 'ఏమైనా అడుగుతారా?' అంటే 'లేదు సార్' అనేసి లేచి రాకండి. నన్ను తీసుకునే టీమ్ ఎన్నాళ్లుగా ఉంది? దాని ఖర్చు అదే సంపాదిస్తుందా, వేరే విభాగం భరిస్తుందా? ప్రాజెక్టు ఆగితే నన్నెక్కడికి పంపుతారు? అడగండి. హెచ్ఆర్ కాస్త మొహం చిట్లించొచ్చు, చిట్లించనివ్వండి.