దేవుడి కోసం ఆడే ఆట

జపాన్‌లోని నారాలో కసుగా ఆలయానికి వెళ్లే దారి పక్కన యోగో అనే పైన్ చెట్టు ఉండేది. పాతది 1995లో ఎండిపోతే అక్కడే మరో మొక్క నాటారు. చాలామంది యాత్రికులు దాన్ని పట్టించుకోరు. జింకలతో ఫొటోలు దిగి ముందుకు సాగిపోతారు. జపాన్ సంప్రదాయ నాటకమైన నోహ్ రంగస్థలం వెనక గోడ మీద తప్పకుండా కనిపించే పైన్ బొమ్మకు మూలం ఈ చెట్టేనని సంప్రదాయం చెబుతుంది. దేవుడు ఇక్కడే దిగివచ్చి నాట్యమాడాడని నమ్మకం. 1136లో మొదలైన ఓన్‌మత్సురి ఉత్సవంలో, ఏటా డిసెంబర్ 17న, కళాబృందాలు ఈ చెట్టు ముందు ఆగి, తమ విద్య కొంత చూపించాకే ముందుకు కదులుతాయి. ఆ తర్వాత దేవుడి తాత్కాలిక విడిది ఎదుట, పచ్చిక దిబ్బ మీద, రాత్రి పొద్దుపోయేదాకా ఆటలు సాగుతాయి. అవి దేవుడికి సమర్పణ. జనం చుట్టూ నిలబడి చూస్తారు. అందుకే కసుగాను నాటకచరిత్రకు స్మారకంగా చూస్తే అసలు సంగతి జారిపోతుంది. ఆట ఎవరి కోసం అన్న ప్రశ్నకు అక్కడ నేటికీ జవాబు మారలేదు.

నోహ్‌ను నిలబెట్టింది దేవుడు కాదు, సైనిక పాలకుడైన షోగన్ అని చరిత్రకారులు అనవచ్చు. అందులో నిజం చాలానే ఉంది. 1370లలో క్యోటోలోని ఇమకుమానోలో కనామి, అతని కొడుకు జెయామి ఆడిన ఆట చూసి షోగన్ అషికాగా యోషిమిత్సు వాళ్లను చేరదీయకపోతే ఈ కళ దారి వేరుగా ఉండేది. ప్రేక్షకుల మెప్పు గురించి జెయామి అంత శ్రద్ధగా రాసిందీ ఊరికే కాదు. అయితే ఇమకుమానోలో ఆ ఆట జరిగిందీ ఆలయంలోనే. పైగా ‘ఒకినా’ అనే ఆటను పోషకుడి అభిరుచితో వివరించలేం. అందులో కథ దాదాపు లేదు. నటుడు ముందుగా నిష్ఠ పాటిస్తాడు. దవడ విడిగా కోసి తాళ్లతో కట్టిన ముసలివాడి ముసుగును తెరచాటున కాక వేదిక మీదే, అందరూ చూస్తుండగా తొడుక్కుంటాడు. ఆలయాల ఆరుబయటి నుంచి భవనాల్లోకి మారినా నోహ్ వేదిక తన పైకప్పును వదులుకోలేదు. హాలు కప్పు కింద ఇంకో కప్పు!

ఇదంతా అలవాటుగా మిగిలిన లాంఛనమేనన్న వాదన ఇంకా బలమైనది. నగరాల్లోని నోహ్ విషయంలో దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. టికెట్టు కొన్నవాడే అక్కడ ప్రేక్షకుడు. కానీ యమగాటా ప్రాంతంలోని కురొకావా గ్రామంలో కసుగా పేరుతోనే మరో ఆలయం ఉంది. అక్కడ నోహ్ ఆడేది వృత్తినటులు కాదు, ఆ ఊరి భక్తులు; తరతరాలుగా ఎక్కువమంది రైతులే. ఫిబ్రవరి 1న దేవుణ్ణి ఆ ఏటి వంతు ఇళ్లకు తీసుకొచ్చి తెల్లవార్లూ ఆడతారు. మర్నాడు దేవుడితో పాటు ఆలయానికి వెళ్లి, అక్కడ మళ్లీ మొదలుపెడతారు.